చాపిన చెయ్యి

బస్సు డిపోలో అతన్ని ఎదురుగా మేస్త్రీ అనేవాళ్లు, వెనక చెత్తబ్రహ్మ అనేవాళ్లు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాడు కూడా. ఇరవై రెండేళ్లుగా బస్సుల అడుగున వెల్లకిలా పడుకుని బోల్టులు బిగించే మనిషికి, వెక్కిరింతకైనా సరే, బ్రహ్మ అన్న పేరు ఊరికే వస్తుందా?

షెడ్డు వెనకాల పాత సామాన్ల గుట్ట ఒకటుంది. అరిగిపోయిన బ్రేకు షూలు, పళ్లూడిన గేర్లు, చిల్లులు పడ్డ సైలెన్సరు గొట్టాలు, విరిగిన సీట్లలోంచి బయటికొచ్చిన స్ప్రింగులు, బస్సుల్లోంచి ఊడదీసినవన్నీ చివరికి అక్కడికే చేరతాయి. భోజనాల వేళ మిగతావాళ్లు తిని, ఓ కునుకు తీసేలోపు, ఇతను నాలుగు ముద్దలు మింగేసి ఆ గుట్ట దగ్గరికి వెళ్లేవాడు. ఏదో ఒక ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూసేవాడు. కాసేపటికి ఆ ముక్కలో ఒక మోకాలో, మెడ వంపో, ముక్కుపుటమో కనబడేది. కనబడితే పక్కన పెట్టుకునేవాడు. లేకపోతే విసిరేసేవాడు.

అతనికో నియమం ఉండేది. బొమ్మలో చేరిన ఏ వస్తువూ తన పాత పేరు చెప్పుకోకూడదు. బ్రేకు షూ భుజం అయ్యాక చూసినవాడికి భుజమే కనబడాలి. "అరె, బ్రేకు షూ!" అని ఎవరైనా అన్నారంటే ఆ బొమ్మ చెడిపోయినట్టే అతని లెక్క. "వస్తువు తన పేరు మర్చిపోవాలి, అప్పుడే మనిషి పుడతాడు" అనేవాడు. ఆ మాట డిపోలో ఒక ఊతపదం అయిపోయింది. ఎవరైనా డ్యూటీకి ఆలస్యంగా వస్తే "పేరు మర్చిపోయి ఇప్పుడే పుట్టాడండీ" అని నవ్వుకునేవాళ్లు.

ఆ నియమమే అతని కొంప ముంచింది. నియమమే ముంచిందనుకోవడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమేనేమో. చదివేవాళ్లే చెప్పాలి.

అతనికో అక్క ఉంది. అమ్మ పోయేనాటికి ఇతనికి ఆరేళ్లు, ఆవిడకి పదహారు. ఆ ఏడాదే పెద్దాసుపత్రి క్యాంటీన్లో ప్లేట్లు కడిగే పనిలో చేరింది. ఇప్పటికీ అక్కడే. ఆ చేతులే తమ్ముణ్ణి పెంచాయి, చదివించాయి, పనిలో పెట్టాయి, పెళ్లి చేశాయి. ఆవిడ పెళ్లి ఊసు ఎవరైనా ఎత్తితే "నాతోపాటు వీణ్ణి కూడా చేసుకుంటాడేమో అడుగు" అని నవ్వేసేది. అలా నవ్వీ నవ్వీ వయసు దాటిపోయింది. తమ్ముడింట్లోనే ఉంటుంది. మరదలికి ఆవిడంటే ప్రాణం. ఇద్దరూ కలిస్తే ఇతన్ని ఆటపట్టిస్తారు.

సాయంత్రం అక్క ఇతనికంటే గంట ముందే ఇల్లు చేరేది. ఇతను గుమ్మం దగ్గరికి రాగానే, చెప్పులైనా విప్పకముందే, చెయ్యి చాపేది.

"ఇలా ఇయ్యి."

భోజనం క్యారేజీ అన్నమాట. అక్కడే నిలబడి మూత తీసి చూసేది. "కూర వదిలేశావ్, ఎవరితోనో పోట్లాడావ్" అనేది. లేకపోతే "నాకి పెట్టావ్. ఇవాళ ఏదో బొమ్మ కుదిరిందిరా నీకు" అనేది. నూటికి తొంభై తొమ్మిదిసార్లు నిజమయ్యేది. ఆ ఖాళీ గిన్నెల్లో తమ్ముడి రోజంతా ఆవిడకి రాసినట్టు కనబడేది.

ఒకరోజు గుట్టలో వంపు చచ్చిపోయిన స్ప్రింగు పట్టీ ఒకటి దొరికింది. ఏళ్లతరబడి బస్సు బరువు మోసి మోసి ఒకవైపుకి ఒరిగిపోయిన పట్టీ. చేతిలోకి తీసుకోగానే పోల్చుకున్నాడు. అది అక్క నడుము. ప్లేట్లు కడిగే తొట్టి మీదకి వంగీ వంగీ సరిగ్గా అలాగే, ఎడమవైపుకి, ఒరిగిపోయిన నడుము.

నాలుగు నెలలు చేశాడు. బ్రేకు షూలు భుజాలయ్యాయి. అరిగిన బేరింగులు మోకాళ్లు. క్లచ్చి కేబులు పురి విప్పి, తీగె తీగె దువ్వి, వెనక్కి లాగి ముడేస్తే జుట్టయింది. హెడ్‌లైటు డొప్పని సుత్తితో మెల్లగా కొట్టి చెంపలు తెప్పించాడు. రేడియేటరు జల్లెడ మడతలు పెడితే బట్టలయ్యాయి. వేళ్ల కోసం వైపరు కడ్డీలు ఎన్ని కోశాడో లెక్కలేదు. అక్క చిటికెనవేలు నీళ్లలో నానీ నానీ కొంచెం వంకర తిరిగింది, ఆ వంకర కుదరడానికే తొమ్మిది రోజులు పట్టింది. చివరికి ఆ చెయ్యి చాపి ఉంది. గుమ్మంలో ఎలా చాపుతుందో అలాగే.

ఏదో పని మీద డిపోకి వచ్చిన భార్య ఒక్కసారి చూసింది. చుట్టూ తిరిగి, ఆ వంకర చిటికెనవేలు ముట్టుకుంది.

"వదినే" అంది చివరికి. "చేతిలో క్యారేజీ పెట్టకూడదూ?"

"పెడితే అది క్యారేజీ అని తెలిసిపోదూ?"

"తెలియాలనేగా!"

"నీకర్థం కాదులే. క్యారేజీ పెడితే అందరూ క్యారేజీనే చూస్తారు. చెయ్యి ఎవరూ చూడరు."

ఆవిడ తలాడించి ఊరుకుంది. దేవుడు ఒక్కొక్కప్పుడు మనకి చెప్పవలసిన మాటని ఇంట్లోవాళ్ల నోట చెప్పిస్తాడు. కాకపోతే ఆ నోరు మనకి రోజూ వినబడేదే కాబట్టి మనం పట్టించుకోం.

డిపో పెట్టి యాభై ఏళ్లయిన సందర్భంగా చిన్న సభ పెట్టారు. మేనేజరు బొమ్మ చూసి ముచ్చటపడి, గేటు పక్కన దిమ్మె కట్టించి, దానిమీద నిలబెట్టించాడు. ముసుగు తీయడానికి పెద్దాఫీసు నుంచి పెద్దాయన వస్తున్నాడు. మేస్త్రీ ఇంటిల్లిపాదినీ రమ్మన్నాడు. బొమ్మ ఎవరిదో అక్కకి మాత్రం చెప్పలేదు. తానే చూసి గుర్తుపట్టాలని, అప్పుడావిడ ముఖం చూడాలని ఆశ.

ఆ రోజు అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని మొదటి వరసలో భార్య పక్కన కూర్చున్నాడు. అక్కకి డ్యూటీ ఆలస్యంగా అయింది. పరుగు పరుగున వచ్చి చివరి వరస వెనకాల నిలబడింది. బట్టలు మార్చుకునే తీరిక లేక క్యాంటీన్ ఏప్రన్‌తోనే వచ్చేసింది. పొట్ట దగ్గర తడి, సబ్బునురగ ఎండిన మరకలు, ఒక పక్క కూర రంగు.

పెద్దాయన ముసుగు లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగి కళ్లు పెద్దవి చేశాడు.

"ఆహా! ఆ నడుము చూడండి. ఆ చెయ్యి చూడండి. ఆకలి కళ్లకి కట్టినట్టుంది! బిచ్చగత్తేగా మేస్త్రీ?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. అక్క అప్పటికే గుర్తుపట్టేసింది. నోరు కొంచెం తెరుచుకుని, నవ్వబోతూ, తన చేతిని తనే ఎత్తి చూసుకుంటోంది. పక్కనున్న కండక్టరు ఆ ఏప్రన్ తడి తనకి అంటకుండా కొంచెం పక్కకి జరగడం కూడా అతనికి కనబడింది.

"అవునండి" అన్నాడు మేస్త్రీ.

అక్కడితో ఆగినా బాగుండేది. ఎవరూ అడగకుండానే, గొంతు సవరించుకుని మరీ అన్నాడు, "బస్టాండులో రోజూ చూస్తుంటానండి."

మళ్లీ చప్పట్లు. పెద్దాయన అతని భుజం తట్టాడు. ఎవరో ఫోటో తీశారు. ఫోటో అయ్యాక వెనక్కి చూస్తే చివరి వరస వెనకాల ఎవరూ లేరు.

ఆ సాయంత్రం క్యారేజీ పట్టుకుని ఇంటికి వచ్చాడు. గుమ్మం దగ్గర అక్క ఉంది. చెయ్యి మాత్రం పక్కనే వేలాడుతోంది.

"అక్కడ పెట్టండి" అంది.

పెట్టండి! నలభై రెండేళ్లలో ఆవిడ ఇతన్ని 'ఒరేయ్' అంది, 'నాన్నా' అంది, కోపమొస్తే 'వెధవా' అంది. 'మీరు' అనడం ఇదే మొదలు. క్యారేజీ బల్లమీద పెట్టాడు. మూత ఎవరూ తీసి చూడలేదు.

భోజనాల దగ్గర మరీ ఘోరం. "మీకింకొంచెం వెయ్యమంటారా?" "మీకు ఉప్పు సరిపోయిందా?" అని ఏ వెటకారమూ లేకుండా, అతిథిని అడిగినట్టు అడిగింది. అతను సగం అన్నంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

భార్య పెరట్లోకి పిలిచి మెల్లగా అంది. "పెద్దాయన మాట కాదనలేకపోయారు, సరే. నోరు పెగల్లేదనుకుందాం. మరి బస్టాండు మాట ఎక్కణ్ణుంచి పెగిలిందండీ?"

జవాబు అతని దగ్గర ఉంది, కానీ అది బయటికి తెచ్చే రకం కాదు.

వారం తిరిగేసరికి దిమ్మె మీద ఇత్తడి పలక వచ్చేసింది. 'బిచ్చగత్తె' అని పెద్ద అక్షరాలు, కింద అతని పేరు. పొద్దున డ్యూటీకి వెళ్లేటప్పుడు ఒకసారి, సాయంత్రం వచ్చేటప్పుడు ఒకసారి ఆ పలక ముందునుంచే పోవాలి. ఇంకో దారి లేదు. ప్రయాణికుల్లో ఎవరో ఆ చాచిన అరచేతిలో ఒక రూపాయి బిళ్ల పెట్టి వెళ్లారు. ఇంకోరోజు ఇంకెవరో తినగా మిగిలిన బిస్కెట్టు ముక్క పెట్టారు. తుడిచేద్దామని చెయ్యి చాపి, ఎవరైనా చూస్తారేమోనని వెనక్కి తీసుకున్నాడు.

అతను రోజూ పొద్దున్నే స్నానం చేసి దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషి. ఆ రోజుల్లో దణ్ణం సాగేది కాదు. "స్వామీ, తప్పయిపోయింది" అనేవాడు. వెంటనే వెనక గదిలో అక్క గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు వినబడేది. తప్పు జరిగింది పక్క గదిలో ఉన్న మనిషికైతే, క్షమాపణ ఇక్కడ అడుగుతున్నానేమిటి అనిపించేది. దేవుడు క్షమిస్తాడనే అనుకుందాం. ఆయన క్షమించినంత మాత్రాన ఆవిడకి తగిలింది తగలకుండా పోతుందా?

పదో రోజున అతనొక నిశ్చయానికి వచ్చాడు. పొద్దున హాజరు వేసేటప్పుడు డిపోలో అందరూ వరసగా నిలబడతారు. మేనేజరు పేర్లు పిలవడం అయ్యాక ఇతను చెయ్యెత్తాడు.

"సార్, ఒక్క మాట. ఆ గేటు దగ్గరున్నది బిచ్చగత్తె కాదు. మా అక్క. ఆ రోజు అందరిముందూ అబద్ధమాడాను."

వరసలోంచి ఒక మీసాల డ్రైవరు గొంతు లేచింది. "అదేంటి మేస్త్రీ, మీ అక్క అడుక్కుంటుందా?"

వరసంతా గొల్లుమంది.

"అడుక్కోవడం కాదయ్యా! ఆసుపత్రి క్యాంటీన్లో పని చేస్తుంది. ఆ చెయ్యి నా క్యారేజీ అందుకోడానికి..."

"క్యారేజీ ఏదీ మరి?"

"అది పేరు మర్చిపోయిందిలే!" అన్నారు ఇంకెవరో. ఈసారి మేనేజరు కూడా నవ్వాపుకోలేకపోయాడు. పలక సంగతి తర్వాత చూద్దాంలే అన్నాడు.

నవ్వితే నవ్వారు. అతనికి మాత్రం పది రోజుల బరువు దిగినట్టయింది. నలుగురిలో ఆడిన అబద్ధాన్ని నలుగురిలోనే దిద్దుకున్నాను కదా అనుకున్నాడు. ఆ పూట క్యారేజీ మెతుకు లేకుండా ఊడ్చేశాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి అక్కకి ఎలా చెప్పాలో దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు.

అక్క గుమ్మంలో లేదు. లోపల గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉంది. మరదలు పక్కనే ఉంది.

"అక్కా" అన్నాడు.

"నాకు తెలుసు" అంది ఆవిడ. "మధ్యాహ్నం మీ డిపోవాళ్లు ముగ్గురొచ్చారు, మీసాలాయన ఒకడు. తిన్నారు. తిని నేను ప్లేట్లు తీసుకునే కిటికీ దగ్గరికొచ్చి, 'బొమ్మ అక్కవి నువ్వేనా? ఏదీ, ఒక్కసారి చెయ్యి చాపమ్మా, పోలిక చూస్తాం' అన్నారు. పోలిక చూశారు. బాగా చేశావట."

అతను కూర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. "నేను... నిజం చెప్పేద్దామని..."

"ఒరేయ్!"

పది రోజుల తర్వాత విన్న 'ఒరేయ్'. దానికి సంతోషపడే వ్యవధి ఇవ్వలేదావిడ.

"నన్ను బొమ్మ చేసేటప్పుడు అడిగావా? నా నడుము వంకర ఊరందరికీ చూపిస్తానక్కా అని అడిగావా? లేదు. అబద్ధమాడేటప్పుడు అడగలేదు, పోనీ. నిజం చెప్పేటప్పుడైనా అడగాలని తట్టలేదట్రా? నీ బరువు నువ్వు దించుకున్నావు. ఎక్కడ దించావో చూసుకున్నావా?"

మరదలు ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. విదిలించుకుంది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు ఆయన అడిగినప్పుడు నువ్వు నన్నే చూశావు. నేను గుర్తుపట్టాననీ నీకు తెలుసు. 'మా అక్కండీ' అనడానికి నీకేం అడ్డొచ్చింది?"

ఏవేవో చెప్పొచ్చు. పెద్దాయన్ని అందరిముందూ కాదంటే బాగుండదని చెప్పొచ్చు. కంగారులో నోరు జారిందని చెప్పొచ్చు. పది రోజులుగా తనకి తాను చెప్పుకుంటున్నవి అవే. తల నేలకి దించుకుని, అడుగున ఉన్నదే చెప్పాడు.

"నీ ఏప్రన్."

భార్య ముఖం పక్కకి తిప్పుకుంది. భూమి నోరు తెరిచి మింగేస్తే బాగుండునని మనుషులంటారు గానీ, అది అలా ఎన్నడూ చెయ్యదు. మన కాళ్లకింద గట్టిగానే ఉండి, మనల్ని అక్కడే నిలబెడుతుంది.

"ఆ ఏప్రనా" అంది అక్క. కోపం లేదు. ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు ఎక్కడ పడిందో తెలిసినట్టుంది ఆ గొంతు. "ముప్ఫై ఆరేళ్లయింది నేనక్కడ చేరి. నువ్వెప్పుడైనా లోపలికి వచ్చావా?"

రాలేదు. చిన్నప్పుడు గేటు దాకా వచ్చేవాడు. పెద్దయ్యాక అదీ మానేశాడు.

"రేపు నీకు వారపు సెలవేగా. పదకొండింటికి రా" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు వెళ్లాడు. వంటగది వెనకాల పొడుగాటి గది. మూడు సిమెంటు తొట్లు, వేడినీళ్ల ఆవిరి, నేలంతా తడి. బయట భోజనాల హాల్లోకి ఒకే ఒక్క కిటికీ. తిన్నవాళ్లు ప్లేట్లు ఆ కిటికీలోంచే తోస్తారు. వెలుతురు కూడా అందులోంచే వస్తుంది. నలుగురు ఆడవాళ్లు వంగి కడుగుతున్నారు. అందరి నడుములూ ఎడమవైపుకే వంగి ఉండటం అతను చూశాడు. ఒక్క అక్కకే అనుకున్నాడు ఇన్నాళ్లూ.

వంటమేస్త్రీ గరిటె పట్టుకుని తొంగిచూశాడు. "ఎవరమ్మా కొత్తాయన?"

"మా తమ్ముడు" అంది అక్క, ప్లేటు మీంచి చూపు తిప్పకుండా.

అంతే. ఆ రెండు మాటలకీ రెప్పపాటు కూడా పట్టలేదు. ఎవరి ముఖమూ చూసుకోలేదు, గొంతూ సవరించుకోలేదు. ఇంత తేలికైన మాటనా నేను మొయ్యలేకపోయాను అనుకున్నాడతను.

"బొమ్మలు చేసే తమ్ముడా? రోజూ నీ ముచ్చట్లేనయ్యా మాకు!" అంది ఒకావిడ. "మీ అక్క గిన్నెలు తోముతూ తోముతూ నిన్ను మా నెత్తికెక్కించింది."

అక్క మేకుకి వేలాడుతున్న ఏప్రన్ తీసి అతనికిచ్చింది. తడిగా, చల్లగా ఉంది. కట్టుకున్నాడు. వెనక ముడి వెయ్యడం చేతకాకపోతే పక్కనావిడ వేసి పెట్టింది. పొడిగుడ్డ చేతికిచ్చి, తుడిచే చోట, సరిగ్గా కిటికీకి ఎదురుగా నిలబెట్టింది అక్క.

పన్నెండున్నరకి హాలు నిండింది. ప్లేట్లు తోసుకుని వస్తున్నాయి. అతను తల పైకెత్తకుండా ఒకదాని మీద ఒకటి తుడిచి పేరుస్తున్నాడు. వినకూడదనుకున్న గొంతు హాల్లోంచి వినబడనే వినబడింది. "పదండి పదండి, మన బొమ్మ అక్క డ్యూటీలో ఉందో లేదో చూద్దాం." తర్వాత బూట్ల చప్పుడు దగ్గరికొచ్చింది.

అతను ఇంకా వంగిపోయాడు.

అక్క అతను పేర్చిన ప్లేట్లలోంచి ఒకటి తీసి, వేలితో రాసి చూసి, తిరిగి అతని చేతిలో పెట్టింది.

"ఇలా తలొంచుకు తుడిస్తే జిడ్డు కనబడదు" అంది. "మొహానికి ఎదురుగా పట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూడు. ప్రతిదీ అలాగే చూడాలి ఇక్కడ."

వెలుతురు కిటికీలోంచే వస్తోంది. కిటికీ అవతల మీసాల డ్రైవరు చేతిలో ఎంగిలిప్లేటుతో నిలబడి ఉన్నాడు. ఎత్తక తప్పలేదు. ప్లేటు ఎత్తాడు, దాంతోపాటు తలా ఎత్తాడు. ప్లేటు అంచు మీదుగా డ్రైవరు కళ్లు ఇతన్నీ, ఏప్రన్నీ, పక్కనే వంగి ఉన్న అక్కనీ చూశాయి. ఏదో అనబోయిన నోరు అలాగే ఉండిపోయింది.

"ఏముంది?" అంది అక్క.

"ఇంకా ఉందక్కా, జిడ్డు" అన్నాడతను.

"అయితే మళ్లీ కడుగు."

ప్లేటు తీసుకెళ్లి తొట్టిలో ముంచాడు.